పళ్ళెం పట్టవచ్చు, ఇంజను పెట్టరాదు

మా ఇంట్లో బంగారం మాట రాని రోజు ఉండేది కాదు. కలిగినవాళ్ళ ఇళ్ళలో బంగారం అంటే నగలు. మా ఇంట్లో బంగారం అంటే గని. మా తాత చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి కోలారు గనుల్లో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయారు. మా నాయన కూడా ఆ గనిలోనే దిగి, ఆ దగ్గుతోనే పోయారు. మా తమ్ముడు మూడో తరం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసిన రోజున వాడి ఉద్యోగమూ పోయింది. నేనొక్కడినే బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. బంగారం తవ్వే ఇంట్లో పుట్టి, బంగారాన్ని తాకట్టు పట్టే కౌంటరు వెనుక కూర్చున్నవాణ్ణి.

ఈ ఉపోద్ఘాతమంతా ఎందుకంటే, పోయిన సంవత్సరం మా అమ్మాయి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళి, జీవితంలో మొదటిసారి నా చేతులతో నేను బంగారం కోసం వెదికాను. జీతానికి కాదు, సరదాకి! అక్కడ దీన్ని ఆదివారంపూట చేపలు పట్టడానికి వెళ్ళినట్టు చేస్తారు. ఆ ఫోటోలు మా తమ్ముడికి పంపాను. మర్నాడే ఫోను వచ్చింది. "అన్నా, వచ్చేటప్పుడు నాకొక మెటల్ డిటెక్టరు తెచ్చిపెట్టు. దుడ్లు నేనిస్తాను" అన్నాడు.

ఆ ఒక్క కోరికకు జవాబు చెప్పడానికి నేను మూడు దేశాల చట్టాలు తిరగేయవలసి వచ్చింది. మన సంఘం సభ్యుల పిల్లలు ఇవాళ మెల్‌బోర్న్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ ఉన్నారు. సెలవుల్లో తల్లిదండ్రులు వెళ్ళి వస్తున్నారు. వారికి పనికివస్తుందని నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

పళ్ళెంలో బరువు శాస్త్రం

ముందు ఈ వెదుకులాట ఎలా చేస్తారో చెబుతాను. బంగారం నీటికంటే దాదాపు 19 రెట్లు బరువు. మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. వాగులో కొట్టుకొచ్చిన ఇసుకను వెడల్పాటి పళ్ళెంలో పోసి, నీళ్ళలో ముంచి అటూ ఇటూ ఆడిస్తే బరువైనది అడుక్కు దిగుతుంది, తేలికైనది అంచు మీదుగా జారిపోతుంది. మన ఆడవాళ్ళు బియ్యంలో రాళ్ళు గాలించడం చూడలేదా? అదే పని. చివరికి అడుగున నల్లటి ఇనుప ఇసుక మిగులుతుంది. అదృష్టముంటే ఆ నలుపులో ఒకటి రెండు పసుపు చుక్కలు కనిపిస్తాయి.

పళ్ళెం తర్వాతిది పెట్టె. అడుగున అడ్డపట్టీలు బిగించిన చిన్న తొట్టి అది. పారే నీటిలో దాన్ని ఏటవాలుగా ఉంచి ఇసుక పోస్తే, బరువైన రేణువులు పట్టీల వెనుక చిక్కుకుంటాయి. అక్కడివాళ్ళు దీన్ని స్లూయిస్ అంటారు. మూడోది మెటల్ డిటెక్టరు. పొడవాటి కర్రకు చివర పళ్ళెంలాంటి తీగచుట్ట ఉంటుంది. నేలమీద ఊపుకుంటూ పోతే లోహం తగిలినచోట చెవిలో కూత వినిపిస్తుంది. వీటి తర్వాత ఇంజన్లు, పంపులు, తవ్వే యంత్రాలు వస్తాయి. చట్టాలన్నీ గీత గీసేది సరిగ్గా ఇక్కడే.

బ్యాంకులో మైనరు వేరు, అక్కడ మైనరు వేరు

మెల్‌బోర్న్ ఉన్నది విక్టోరియా రాష్ట్రంలో. మా అల్లుడు ప్రయాణానికి ముందు "మామయ్యా, మీకూ ఒక మైనర్స్ రైట్ తీసుకుందాం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. బ్యాంకులో మైనరు అంటే పద్దెనిమిదేళ్ళు నిండనివాడు. నాకు అరవై దగ్గర పడుతుంటే మైనరు హక్కు ఏమిటి? తీరా చూస్తే మైనరు అంటే గనివాడట. అది గనివాడి హక్కుపత్రం! మూడు తరాలకు ఆ మాట నాకు అలా చేతికొచ్చింది.

ఆ కాగితం ఎవరైనా కొనుక్కోవచ్చు. ధర కొద్ది డాలర్లే. పదేళ్ళు చెల్లుతుంది. ఎవరి కాగితం వారిదే. అది ఉన్నవాడికి ప్రభుత్వ భూమిలో అనుమతించిన చోట్ల వెదికే హక్కు ఉంటుంది. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించినది ఏమిటంటే, దొరికిన బంగారం వెదికినవాడిదే.

శనివారం తెల్లవారుజామున బయలుదేరాం. కారు వెనుక పార, చిన్న పికాసు, రెండు పళ్ళేలు, మంచినీళ్ళు, మా ఆవిడ కట్టిన పులిహోర ఉన్నాయి. వాటితోపాటు అల్లుడు ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చిన పెట్రోలు ఆగరు ఒకటి. కంచె గుంజలు పాతడానికి గుంతలు తీస్తారే, అది. "నేల రాయిలా ఉంటుందట మామయ్యా, దీంతో అయితే నిమిషంలో గుంత" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది.

డనోలీ అనే చిన్న ఊరి దగ్గర డిటెక్టరు అద్దెకిచ్చే దుకాణంలో ఆగాం. దుకాణంలోని పెద్దాయన మా సామాను చూసి, ఆగరు మీద వేలుపెట్టి, తల అడ్డంగా ఊపాడు. "ఇది కారులోంచి దింపకండి. దింపితే మీ కాగితం మిమ్మల్ని కాపాడదు" అన్నాడు. మా అల్లుడి ముఖం పాలిపోయింది. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ స్థిరపడుతున్న పిల్లవాడు. ఒక కేసు మీదపడితే ఎంత చిక్కో ఆలోచించండి. ఆ పెద్దాయన చెప్పి ఉండకపోతే, మా సరదా ఎక్కడ తేలేదో!

ఆ రాత్రి బసలో కూర్చుని నేను చట్టం చదివాను. బ్యాంకువాడికి షరతులు చదవడం అలవాటే గదా. విక్టోరియాలో 1990 నాటి ఖనిజ వనరుల చట్టం హక్కుపత్రం ఉన్నవాడికి పెట్టిన షరతులు ఇవి.

తవ్వడానికి యంత్రశక్తి లేని చేతి పనిముట్లు తప్ప మరేవీ వాడరాదు. పార, పికాసు, గునపం, జల్లెడ, పళ్ళెం సరే. ఇంజనుతో తవ్వేది ఏదీ కుదరదు. పేలుడు పదార్థాలు వాడరాదు. అనుమతి లేకుండా చెట్టునూ, పొదనూ తీయరాదు, పాడుచేయరాదు. ఆదివాసుల పురాతన స్థలాలను, వస్తువులను కదిలించరాదు. నేలకు చేసిన నష్టాన్ని తిరిగి సరిచేయాలి, అంటే తవ్విన గుంత పూడ్చాలి. సొంత భూమిలో వెదకాలంటే యజమాని అనుమతి కావాలి. మైనింగ్ లైసెన్సు ఉన్న భూమిలో ఆ లైసెన్సుదారు ఒప్పుకోవాలి. జాతీయ పార్కుల్లో సాధారణంగా వీలుకాదు. కొన్నిటిలో మాత్రం ప్రత్యేకించి గుర్తించిన భాగాల్లో అనుమతిస్తారు. కొన్ని నదులు, వాగులు కూడా నిషేధ జాబితాలో ఉన్నాయి.

డిటెక్టరు మరి యంత్రం కాదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. అది వినే యంత్రమే కాని తవ్వే యంత్రం కాదు. కూత వినిపించాక తవ్వవలసింది చేత్తోనే. చట్టం చూసేది బ్యాటరీని కాదు, నేలకు జరిగే గాయాన్ని.

గుంత పూడ్చమనడం చాదస్తం అనుకోకండి. ఆ అడవుల్లో నడిస్తే పందొమ్మిదో శతాబ్దపు గోతులు ఇప్పటికీ అడుగడుగునా కనిపిస్తాయి. కొన్ని లోతైన బావులే. నూటయాభై ఏళ్ళ క్రితం ఎవరో తవ్వి వదిలేసి పోయిన పని అది. జంతువు పడుతుంది, మనిషీ పడతాడు. మా కోలారు ప్రాంతంలో పెరిగినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ముప్ఫై షిల్లింగుల రక్తపాతం

ఆ కాగితానికి 'హక్కు' అని పేరెందుకు వచ్చింది? లైసెన్సు అనవచ్చు కదా? దాని వెనుక ఒక కథ ఉంది.

విక్టోరియాలో 1851లో బంగారం బయటపడగానే ప్రభుత్వం లైసెన్సు పెట్టింది. నెలకు ముప్ఫై షిల్లింగులు. బంగారం దొరికినా కట్టాలి, దొరక్కపోయినా కట్టాలి. పోలీసులు గోతుల మీద దాడులు చేసి కాగితం చూపమనేవారు. లేనివాణ్ణి పట్టుకుపోయేవారు. ఓటుహక్కు లేదు, గోడు వినేవాడు లేడు. చివరికి బల్లారట్‌లోని యురేకా అనే చోట గనివాళ్ళు కర్రలతో దడి కట్టుకుని ఎదురుతిరిగారు. 1854 డిసెంబరు 3 తెల్లవారుజామున సైన్యం ఆ దడి మీద పడింది. గనివాళ్ళు ఇరవై మందికి పైగా చనిపోయారు. సైనికులూ కొందరు పోయారు. తర్వాత పదమూడు మందిపై రాజద్రోహ నేరం మోపితే, జ్యూరీలు వారిని నిర్దోషులుగా వదిలేశాయి.

1855లో నెలవారీ లైసెన్సు పోయి దాని స్థానంలో మైనర్స్ రైట్ వచ్చింది. సంవత్సరానికి ఒక పౌను. దానితో ఓటుహక్కు కూడా వచ్చింది. ప్రభుత్వానికి రాబడి కావాలి కాబట్టి, బయటికి వెళ్ళే బంగారం మీద ఔన్సుకు రెండున్నర షిల్లింగుల సుంకం వేశారు. కామర్సు చదివినవాడిగా నాకు ఈ మార్పు ఎంతో నచ్చింది. మొదటిది ఆశ మీద వేసిన పన్ను, రెండోది ఆదాయం మీద వేసిన పన్ను. ఆశ మీద పన్ను వేస్తే బీదవాడు తిరగబడతాడు. ఇరవైమంది పోతే తప్ప ఈ చిన్న లెక్క అర్థం కాలేదు!

మా అల్లుడు కొన్న కాగితం ఆ రక్తంలోంచి వచ్చిందే. ఆ సంగతి తెలిశాక దాన్ని పర్సులో కాస్త జాగ్రత్తగా పెట్టుకున్నాను.

అంగుళం లోతున డెబ్బై కిలోలు

ఆ చుట్టుపక్కల ఊళ్ళకు బంగారు త్రికోణం అని పేరు. డనోలీకి దగ్గరలోనే మోలియాగల్ ఉంది. 1869 ఫిబ్రవరి 5న జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి అక్కడొక చెట్టు వేళ్ళ దగ్గర, నేలకు అంగుళం లోతున ఒక ముద్ద తగిలింది. వెల్‌కమ్ స్ట్రేంజర్ అని దానికి పేరు. శుద్ధి చేశాక దాదాపు 72 కిలోల బంగారం తేలింది. డనోలీలో దాన్ని తూచే తక్కెడ లేక, దాగలి మీద పెట్టి ముక్కలు కొట్టి తూచారట. బ్యాంకులో చిన్న త్రాసు మీద మిల్లీగ్రాములు చూసే నాకు ఈ మాట వింటే ఒళ్ళు జలదరించింది.

1980లో ఆ ప్రాంతంలోనే కింగోవర్ దగ్గర కెవిన్ హిలియర్ అనే ఆయన మెటల్ డిటెక్టరుతో వెదుకుతూ అడుగు లోతున 27 కిలోల ముద్దను తీశాడు. హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అని దాన్ని పిలుస్తారు. అమెరికాలోని లాస్ వెగాస్‌లో ఒక జూదశాల దాన్ని పది లక్షల డాలర్లకు పైగా పెట్టి కొనుక్కుంది. ఇలాంటి కథలే జనాన్ని ఇప్పటికీ అడవులకు లాగుతున్నాయి.

మాకేం దొరికిందో కూడా చెప్పాలి గదా. రెండు రోజుల వెదుకులాటలో డిటెక్టరు నలభైసార్లకు పైగా కూసింది. తుపాకీ సీసపు గుళ్ళు, తుప్పుపట్టిన మేకులు, సీసా మూతలు, ఒక గుర్రపు నాడా దొరికాయి. బంగారం లేదు. తిరుగు ప్రయాణంలో బల్లారట్‌లోని సావరిన్ హిల్ చూశాం. పాత గనుల ఊరిని తిరిగి కట్టి 1970 నుంచి ప్రజలకు చూపిస్తున్న చోటు అది. అక్కడి వాగులో పళ్ళెం పట్టి గంటసేపు ఊపితే మా మనవరాలికి ఆవగింజలో నాలుగోవంతు ఉండే రేకు ఒకటి చిక్కింది. చిన్న సీసాలో వేసిచ్చారు. అద్దె, పెట్రోలు, బస అన్నీ కలిపి లెక్క కడితే గ్రాము ధర ఎంత పడిందో రాయను. మా ఆవిడ ఈ పత్రిక చదువుతుంది.

కాలిఫోర్నియాలో పీల్చే యంత్రం

కాలిఫోర్నియాలో పిల్లలున్నవారు ఈ భాగం శ్రద్ధగా చదవాలి.

అక్కడ 1848 జనవరి 24న కొలోమాలో జేమ్స్ మార్షల్‌కు బంగారం కనిపించింది. మొదట పళ్ళేలతో మొదలై, కొద్దికాలానికే పెద్ద గొట్టాలతో నీళ్ళు చిమ్మి కొండలనే కరిగించడం దాకా పోయింది. ఆ బురద నదుల్లో పేరుకుని దిగువ పొలాలు మునిగాయి. రైతులు కోర్టుకెక్కితే, 1884లో న్యాయమూర్తి లొరెంజో సాయర్ ఆ బురదను నదుల్లోకి వదలడం ఆపమని తీర్పిచ్చాడు. గని ఎంత లాభసాటిదైనా కిందివాడి పొలం ముంచే హక్కు దానికి లేదన్నమాట.

ఆనాటివారు బంగారాన్ని పట్టడానికి పాదరసం వాడేవారు. అది బంగారంతో కలిసి ముద్దవుతుంది. అందులో చాలా భాగం నదుల అడుగున చేరి ఇప్పటికీ ఉంది. మన కాలంలో సరదాగా వెదికేవారు సక్షన్ డ్రెడ్జ్ అనే యంత్రాన్ని తెచ్చారు. తెప్పమీద పెట్టిన ఇంజను, లావుపాటి గొట్టంతో నది అడుగున ఉన్న గులకరాళ్ళను, ఇసుకను పీల్చి, పెట్టెలోంచి పోనిచ్చి, తిరిగి నదిలోకి వదులుతుంది. దాంతో నిద్రపోతున్న పాదరసం లేస్తుంది. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే గులకనేల చెదిరిపోతుంది. అందుకే 2009లో ఆ రాష్ట్రం వాటిని ఆపింది.

రైన్‌హార్ట్ అనే ఆయన ఇది నా గని, 1872 నాటి కేంద్ర చట్టం నాకు హక్కిచ్చింది, రాష్ట్రం ఎవరు ఆపడానికి అని వాదించాడు. 2016లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. వెదికే హక్కు ఉండవచ్చు, కాని ఏ పనిముట్టుతో వెదకాలో నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఉందని తేల్చింది. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భూముల్లో కూడా చేతి పనిముట్లతో చేసే చిన్న వెదుకులాటకు ఒక దారి, యంత్రాలతో చేసేదానికి మరో దారి ఉంటాయి. పార్కుల్లో నియమాలు ఇంకా వేరు. కాబట్టి అంగట్లో యంత్రం అమ్ముతున్నారు గనక వాడవచ్చు అనుకోవడం తప్పు. అమ్మడానికి చట్టం అడ్డురాకపోవచ్చు. నీటిలో దింపినప్పుడు అడ్డొస్తుంది.

మన దేశం మాటేమిటి?

ఇక మా తమ్ముడి ప్రశ్న. వాడు కోరింది డిటెక్టరు. వెదకాలనుకున్నది సైనైడ్ దిబ్బల మీద. మూసిన గనుల పక్కన కొండల్లా పేరుకున్న బూడిదరంగు దిబ్బలవి. కోలారు వెళ్ళినవారు చూసే ఉంటారు. గనులు నూటఇరవై ఏళ్ళు నడిచి, మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, సుమారు 800 టన్నుల బంగారం ఇచ్చాయి. ఆ రాతిని పిండి చేసి బంగారం తీసుకున్నాక మిగిలిన దుమ్ము ఆ దిబ్బలు. అందులో ఇంకా కొంత బంగారం ఉన్నమాట నిజమే. దాన్ని తీయడానికి కేంద్రం పెట్టిన ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఆమోదం తెలిపింది కూడా.

మొదటి సంగతి, ఆ దుమ్ములో డిటెక్టరు పనిచేయదు. అది ముక్కను పసిగడుతుంది కాని, కంటికి కనిపించని పొడిని కాదు. రెండో సంగతి, చట్టం.

మన దేశంలో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఎవరూ ఖనిజాన్ని అన్వేషించకూడదు, తవ్వకూడదు. గమనించండి, తవ్వడమే కాదు, ఖనిజం ఉన్న చోటు కనిపెట్టడానికి చేసే పని కూడా అందులోకే వస్తుంది. సరదాకు వెదికేవారికంటూ చిన్న అనుమతి ఏదీ ఆ చట్టంలో లేదు. ఇరవై ఒకటో సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు, హెక్టారుకు అయిదు లక్షల దాకా జుర్మానా ఉన్నాయి. అంతేకాదు, పనిముట్లను, వాహనాన్ని కూడా జప్తు చేయవచ్చు. విక్టోరియాలో పార ఏదో, యంత్రం ఏదో చట్టం విడదీసి చెబుతుంది. ఇక్కడ పారా పోతుంది, యంత్రమూ పోతుంది.

మన సొంత పొలంలో అయితేనో? 2013లో సుప్రీంకోర్టు, భూగర్భంలోని ఖనిజమంతా ప్రభుత్వానిదే అని చెప్పే చట్టం లేదనీ, చట్టప్రకారం తొలగించకపోతే అది మామూలుగా భూమి యజమానికే చెందుతుందనీ చెప్పింది. ఈ తీర్పు విని చాలామంది సంబరపడ్డారు. కాని సొంతదారు కావడం వేరు, తవ్వడానికి అనుమతి ఉండటం వేరు. లాకరులో నగ మీదే. అయినా బ్యాంకు వేళల్లో వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టాలి కదా.

ఖనిజం కాక పాత నాణేలో, నగలో తగిలితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచితే మన వాటా పోవడమే కాక జైలు కూడా పడవచ్చు. రాయలసీమలో గుప్తనిధుల పిచ్చితో రాత్రిపూట గుళ్ళ దగ్గర తవ్వి పట్టుబడేవారి వార్తలు చదువుతూనే ఉన్నాం. రక్షిత పురాతన స్థలాలకు వేరే చట్టం ఉంది.

అదే రాయలసీమలో తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో జనం వజ్రాల కోసం వెదకడం మనకు తెలిసిందే. యంత్రం లేదు, డిటెక్టరు లేదు. వాన కడిగిన నేల మీద కళ్ళతో వెదకడమే. ఇది మన దేశపు పళ్ళెం. మా కోలారు కథ కూడా ఇలాగే మొదలైంది. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చి, ఇక్కడి పల్లెవాసులు మట్టి కడిగి బంగారం తీస్తారని విని బహుమానం ప్రకటిస్తే, వాళ్ళు బండెడు మట్టి తెచ్చి ఆయన ఎదుటే కడిగి బంగారు పొడి చూపించారట. తొలుత కడిగిన చేతులు వాళ్ళవి. తర్వాత వచ్చిన కంపెనీల పేర్లు మిగిలాయి, వాళ్ళ పేర్లు మిగలలేదు.

తమ్ముడికి ఏం చెప్పాను?

డిటెక్టరు తేలేదు. కస్టమ్స్‌వాళ్ళు ఒప్పుకోరని ఒక అబద్ధం చెప్పి తప్పించుకుందామనుకున్నాను. మనసొప్పలేదు. వచ్చిన వారానికి రాబర్ట్‌సన్‌పేటలో వాడింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అన్నా, ఆడ చంటిబిడ్డ కూడా వెదుక్కోవచ్చునంటివి. తాతా నాయనా లోపలికి దిగి ప్రాణం పోయేదాకా తవ్వినారు. ఒక గ్రాము ఇంటికి తెచ్చినారా? నేను పైనుండే దుమ్ములో వెదుక్కుంటే అయిదేండ్ల జైలా?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎన్నో రుణ దరఖాస్తులు తిరస్కరించాను. ప్రతిదానికీ కారణం రాసే ఇచ్చాను. ఇది మాత్రం నోట రాలేదు. "దిబ్బల్లో సైనైడు ఉందిరా, నాయన దగ్గు నీకెందుకు" అని మాత్రం అన్నాను. అది కారణమే. కాని పూర్తి కారణం కాదని ఇద్దరికీ తెలుసు.

నా అభిప్రాయం చెబుతాను. దిబ్బల మీదికి జనాన్ని వదలమని నేననను. మన దేశంలో జనం ఎక్కువ, నేల తక్కువ. హక్కు అని తలుపు తీస్తే పళ్ళెం పట్టినవాడి వెనుక జేసీబీ వస్తుంది. ఇసుక విషయంలో చూస్తున్నాంగా! అయినా యంత్రం లేని చేతికి, గుర్తించిన కొన్ని వాగుల్లో, పూడ్చే షరతుతో ఒక చిన్న కాగితం ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. పెద్ద కంపెనీకి వేలంలో దారి ఉన్నప్పుడు, పల్లెవాడి పళ్ళేనికి కూడా ఒక దారి ఉండాలి. ఆ దారి పడేదాకా మాత్రం చట్టం చట్టమే. అది మార్చమని అడగాలి గాని దాటకూడదు.

వెళ్ళేవారికి నాలుగు మాటలు

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు, వారిని చూడటానికి వెళ్ళే పెద్దలకు నేను చెప్పేది ఇంతే. బయలుదేరే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ నేల ఎవరిది? నా చేతిలో ఎవరి పేరున కాగితం ఉంది? ఈ పనిముట్టుకు ఇంజను ఉందా? దొరికింది ఎవరికి చెందుతుంది? నాలుగింటికీ జవాబు తెలిస్తేనే పార దింపండి. రాష్ట్రం మారితే నియమం మారుతుంది. పక్క రాష్ట్రంలో చెల్లిన కాగితం ఇక్కడ చెల్లదు. నియమాలు, రుసుములు అప్పుడప్పుడు మారతాయి కాబట్టి వెళ్ళే వారం అక్కడి ప్రభుత్వ కార్యాలయం చెప్పినదే ప్రమాణంగా తీసుకోండి. స్నేహితుడు చెప్పాడని ఆగరు కారులో వేసుకోకండి!

మరొక్క మాట. పసుపుగా మెరిసిన ప్రతి రాయీ బంగారం కాదు. మా శాఖకు ఒకాయన గుడ్డలో చుట్టి ఒక ముద్ద తెచ్చాడు. మా అప్రైజరు గీటురాయి కూడా తీయలేదు. చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే పొడిపొడి అయింది. బంగారమైతే సాగుతుంది, పగలదు. ఇనుము, గంధకం కలిసిన రాయి అది. ఆయన ఆ పొడిని కూడా మూట కట్టుకునే వెళ్ళాడు. ఆశ అంత తేలిగ్గా పొడి కాదు.

తమ్ముడి కోసం ఒకటి మాత్రం తెచ్చాను. పచ్చరంగు ప్లాస్టిక్ పళ్ళెం. మేము ఆ వాగులో ఊపినలాంటిదే. అది చూసి మొదట నవ్వాడు. ఆ తర్వాత తన కిరాణా కొట్టులో, మా నాయన గని హెల్మెట్టు తగిలించిన మేకు పక్కన ఇంకో మేకు కొట్టి దాన్ని తగిలించాడు. కొట్టుకు వచ్చే పిల్లలు ఇదేమిటని అడిగితే, బకెట్టులో ఇసుక, నీళ్ళు పోసి ఊపి చూపిస్తున్నాడట. అడుగున నల్ల ఇసుక మిగిలేదాకా వాళ్ళు కదలరట.

అందులో బంగారం లేదని వాడికి తెలుసు. పిల్లలకు ఇంకా తెలియదు.